ఇంటి వెనక పొలానికి రీజోనింగ్ నోటీసు వచ్చింది, ఆ పొలంలో పాత సమాధులున్నాయి

నోవా_లక్ష్మి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం నార్తర్న్ వర్జీనియాలో ఉంటాం. విషయం ఇంకా నడుస్తోంది కాబట్టి కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, వీధి పేరు రాయడం లేదు.

నిన్న కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. మా ఫెన్స్ అవతల ఉన్న పొలాన్ని, సుమారు 60 ఎకరాలు, వ్యవసాయ జోన్ నుంచి పారిశ్రామిక జోన్‌కి మార్చమని దరఖాస్తు పెట్టారట. డేటా సెంటర్ కోసం, అంటే వేలకొద్దీ కంప్యూటర్లు ఆగకుండా నడిచే భవనాలు. ప్లానింగ్ కమిషన్ ముందు పబ్లిక్ హియరింగ్, అంటే జనం మాట వినే సభ, ఇంకో మూడు వారాల్లో ఉంది.

ఆ పొలం మధ్యలో ఒక పాత ఇంటి రాతి పొగగొట్టం మిగిలి ఉంది. దానికి కాస్త దూరంలో ఓక్ చెట్ల కింద సమాధులున్నాయి. పేర్లు చెక్కిన రాళ్ళు నాలుగే. మిగతావి నేలలో నిలువుగా పాతిన మామూలు పొలం రాళ్ళు, ఫెన్స్ ఇవతల నుంచి నాకు కనిపించినవే పద్దెనిమిది. ఏప్రిల్ వస్తే ఆ చెట్ల కింద మన బిళ్ళగన్నేరు లాంటి నీలం పూల తీగ పరుచుకుంటుంది. పక్కింటి పెద్దావిడ ఇక్కడ నలభై ఏళ్ళుగా ఉన్నారు. పేర్లు లేని రాళ్ళు ఆ పొలంలో బానిసలుగా పనిచేసినవాళ్ళవని ఆవిడ చెప్పారు.

నాకు రెండు రోజులుగా అదే టెన్షన్. మా ఆయన మాత్రం "మనం వీసా మీద ఉన్నాం, ఇలాంటి వాటిలో తలదూర్చకు" అంటున్నారు. నిజంగా మనం హియరింగ్‌లో మాట్లాడకూడదా? సమాధులు ఉంటే కట్టడం ఆపుతారా? మాట్లాడితే ఏం మాట్లాడాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

గ్రీన్‌కార్డ్_క్యూ | ఆదివారం, రాత్రి 9:40

నాకూ ఇదే సందేహం. 2014 నుంచి ఇంటి పన్ను కడుతున్నాం, ఒక్కసారి కూడా కౌంటీ మీటింగ్‌కి వెళ్ళలేదు. జవాబుల కోసం చూస్తుంటాను.

ప్లాన్_కాగితం | ఆదివారం, రాత్రి 11:05

లక్ష్మి గారూ, వర్జీనియాలోనే ఒక కౌంటీ ప్లానింగ్ విభాగంలో పదకొండేళ్ళు పనిచేశాను. కాస్త వివరంగా చెప్తాను.

మాట్లాడొచ్చు. ఓటు వేయడానికి పౌరసత్వం కావాలి గానీ పబ్లిక్ హియరింగ్‌లో నిలబడి మాట్లాడడానికి అక్కర్లేదు. నేనున్న అన్నేళ్ళలో ఎవర్నీ వీసా గురించి ఎవరూ అడగలేదు. మీ పేరు, ఏ ప్రాంతంలో ఉంటారో చెప్తే చాలు. పైగా మీ స్థలం ఆ పొలాన్ని ఆనుకుని ఉంది. చట్టం ప్రకారం మీకు ఉత్తరం పంపింది అందుకే.

ఇప్పుడు ప్లానింగ్ కమిషన్ చేసేది సిఫారసు మాత్రమే. అసలు నిర్ణయం ఎన్నికైన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌ది. అక్కడ ఇంకో హియరింగ్ ఉంటుంది. అంటే మీకు రెండు అవకాశాలు. చాలామంది మొదటిది వదిలేసి రెండోదానికి వస్తారు. అప్పటికి షరతులన్నీ దాదాపు రాసేసి ఉంటారు. మార్చుకునే వీలు ఉండేది మొదటి దశలోనే.

ఇంకో మాట. వర్జీనియాలో డిల్లన్ రూల్ నడుస్తుంది. రాష్ట్రం చట్టం చేసి ఇచ్చిన అధికారాలే కౌంటీకి ఉంటాయి, సొంతంగా కొత్తవి తెచ్చుకోలేదు. అందుకే "కౌంటీ తలుచుకుంటే చేయొచ్చు కదా" అని మనవాళ్ళు అనుకునేవి చాలావరకు అక్కడ కుదరవు. కౌంటీ చేతిలో గట్టిగా ఉన్నది జోనింగ్. రీజోనింగ్ అడిగినవాళ్ళు తమంతట తాము రాసిచ్చే హామీలు ఉంటాయి, వాటిని ప్రాఫర్లు అంటారు. ఎంత ఎత్తు కడతారు, ఎంత దూరం ఖాళీ వదులుతారు, ఏ చెట్లు ఉంచుతారు, సమాధుల చుట్టూ ఏం చేస్తారు, అన్నీ అందులో ఉంటాయి. బోర్డు ఆమోదించాక అవి ఆ భూమిని అంటిపెట్టుకుని ఉంటాయి, రేపు ఆ భూమి ఎవరు కొన్నా సరే. మీ హియరింగ్‌లో అసలు యుద్ధం ఆ కాగితం మీదే.

సమాధుల సంగతి. సమాధులు ఉన్నంత మాత్రాన మొత్తం 60 ఎకరాలు ఆగవు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ వాటిని యజమాని తన ఇష్టానికి కదిలించలేడు. తరలించాలంటే సర్క్యూట్ కోర్టుకి వెళ్ళాలి. మనిషి అవశేషాలను పురావస్తు పద్ధతిలో తవ్వి తీయడానికి రాష్ట్ర హిస్టారిక్ రిసోర్సెస్ శాఖ పర్మిట్ కావాలి. ప్రైవేటు భూమిలో ఉన్న సమాధుల దగ్గరికి వారసులు, వంశ చరిత్ర పరిశోధించేవాళ్ళు ముందుగా చెప్పి వస్తే యజమాని రానివ్వాలని కూడా రాష్ట్ర చట్టంలో ఉంది.

మీరు చెప్పిన నీలం పూల తీగ చిన్న విషయం కాదు. దాన్ని పాత రోజుల్లో సమాధుల మీద నాటేవారు. ఇక్కడ పురావస్తు వాళ్ళు అడవిలో ఆ తీగ కనిపిస్తే ఆగి నేల చూస్తారు. అది ఎంత మేర పరుచుకుందో ఫోటో తీసి పెట్టండి. సమాధులు రాళ్ళున్న చోటుతోనే ఆగిపోవు.

రేపు ఉదయం చేయాల్సిన పని ఒక్కటే: ఉత్తరంలో దరఖాస్తు నంబరు, ప్లానర్ పేరు ఉంటాయి. ఫోన్ చేసి ప్రాఫర్ల కాపీ అడగండి.

సర్వర్‌రూమ్_కిరణ్ | సోమవారం, ఉదయం 7:20

నేను డేటా సెంటర్‌లో పనిచేస్తాను, కాబట్టి నా మాట కొంచెం అటు మొగ్గే ఉంటుంది. అయినా చెప్పాలి.

లౌడన్ కౌంటీలో 2012లో ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకు 1.235 డాలర్లు పన్ను ఉండేది. 2025లో 80.5 సెంట్లు. ఆ తేడా ఎక్కువగా డేటా సెంటర్లలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్ను వల్లే. మన పిల్లలు చదివే స్కూళ్ళు, రోడ్లు ఆ డబ్బుతో నడుస్తున్నాయి. అదే కౌంటీలోని ఆష్‌బర్న్‌లో మనవాళ్ళు ఇన్నివేల మంది ఇళ్ళు కొనుక్కోగలిగారంటే ఆ ఉద్యోగాల పుణ్యం కూడా ఉంది.

సమాధులు కాపాడాలి, అందులో రెండో మాట లేదు. కానీ పొలం యజమాని వైపు నుంచి కూడా ఆలోచించండి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో నాన్న రెండెకరాలు అమ్మబోతే ఊరంతా సలహాలిచ్చారు, అప్పు తీర్చడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆష్‌బర్న్_సునీత | సోమవారం, ఉదయం 8:55

కిరణ్ గారూ, పన్ను సంగతి నిజమే, నేనూ ఆ లాభం పొందుతున్నాను. మా ఇంటికి అర మైలులో ఒకటి ఉంది. రాత్రి కిటికీ తీస్తే ఆగకుండా ఒకే శ్రుతిలో హోరు. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు "ఫ్రిజ్ పాడైందా అమ్మా?" అని అడిగారు.

అది కట్టినప్పుడు మాకు హియరింగే లేదు. అప్పట్లో లౌడన్‌లో చాలా జోన్లలో డేటా సెంటర్ బై-రైట్, అంటే జోన్ సరిపోతే ఎవర్నీ అడక్కుండా కట్టుకోవచ్చు. 2025 మార్చి 18న బోర్డు ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు కొత్తవాటికి స్పెషల్ ఎక్సెప్షన్, అంటే బోర్డు ప్రత్యేక అనుమతి, కావాలి, హియరింగ్ తప్పనిసరి. లక్ష్మి అక్కా, మాకు దక్కనిది నీకు దక్కింది. తప్పకుండా వెళ్ళు.

ఒక ప్రశ్న. ఆ పొగగొట్టం ఇల్లు నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక స్థలాల జాతీయ జాబితా) చేర్పిస్తే ఎవరూ ముట్టుకోలేరు కదా?

ప్లాన్_కాగితం | సోమవారం, మధ్యాహ్నం 12:30

సునీత గారూ, ఇది అందరూ పడే పొరపాటు. నేషనల్ రిజిస్టర్‌లో పేరు ఉండడం గౌరవం, అంతే. ఫెడరల్ ప్రభుత్వ డబ్బు గానీ, ఫెడరల్ పర్మిట్ గానీ ఉన్న పనైతే సమీక్ష జరగాలి. సొంత డబ్బుతో సొంత ఇల్లు కూల్చుకునే యజమానిని రిజిస్టర్ ఆపలేదు. ఆపగలిగింది స్థానిక ప్రభుత్వం చేసిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్ నియమం.

మీ కౌంటీలోనే వాటర్‌ఫోర్డ్ ఉంది చూడండి. క్వేకర్లు అనే క్రైస్తవ వర్గంవాళ్ళు 1733లో వేసిన ఊరు. ఊరూ చుట్టుపక్కల పొలాలూ కలిపి సుమారు 1,420 ఎకరాలు 1970లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అయింది. అయినా అక్కడ ఒక వరండా మార్చాలంటే యజమాని వెళ్ళాల్సింది కౌంటీ హిస్టారిక్ డిస్ట్రిక్ట్ రివ్యూ కమిటీ దగ్గరికి. వాషింగ్టన్ నుంచి ఎవరూ రారు. కిటికీ చెక్కదా ప్లాస్టిక్‌దా, కప్పు రేకుదా పెంకుదా అని గంటల తరబడి చర్చ జరుగుతుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు విసుగు. ఆ విసుగు పుట్టించే మీటింగుల వల్లే ఆ ఊరు ఇంకా ఆ ఊరిలా ఉంది.

కిరణ్ గారి యజమాని మాటకు కూడా జవాబుంది. 1978లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆకాశహర్మ్యం కట్టనివ్వలేదని దాని యజమాని పెన్ సెంట్రల్ కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఓడిపోయింది. ఆ స్టేషన్‌ని ఎప్పట్లా వాడుకుంటూ ఆదాయం పొందే వీలు ఉన్నప్పుడు, ఎక్కువ లాభం రాకపోవడాన్ని ఆస్తి లాక్కోవడంగా లెక్కించలేమని కోర్టు తేల్చింది. యజమానికి హక్కు ఉంది. కానీ జోన్ మార్చమని అడగడం వేరు. ఇప్పటికే ఉన్న హక్కు వాడుకోవడం కాదు అది, ఊరి నుంచి కొత్త హక్కు అడగడం.

పేజ్‌ల్యాండ్_పక్కన | సోమవారం, రాత్రి 10:15

నేను ప్రిన్స్ విలియం కౌంటీలో, గెయిన్స్‌విల్ దగ్గర ఉంటాను. మా దగ్గర జరిగింది చెప్తే లక్ష్మి గారికి ధైర్యం వస్తుందని రాస్తున్నాను. పొడుగు అయినా చదవండి.

మా పక్కనే మనాసస్ యుద్ధభూమి. అమెరికా అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరు 1861 జులై 21న ఇక్కడే. మళ్ళీ 1862 ఆగస్టు చివర్లో రెండోది, మూడు రోజులు. రెండో యుద్ధం మొదలైన బ్రానర్ ఫామ్ పార్కు పడమటి అంచున ఉంటుంది. నేను ఆదివారాలు మా అబ్బాయితో అక్కడ నడుస్తాను. ఆ గడ్డి మైదానంలో నిలబడితే ఇప్పటికీ దూరంగా ఒక్క చెట్ల వరుస తప్ప ఏమీ కనిపించదు.

పార్కు ఫెడరల్ ప్రభుత్వానిది. కానీ పార్కు గీత దాటితే ప్రైవేటు పొలాలు, అక్కడ ఏం కట్టాలో కౌంటీ నిర్ణయిస్తుంది. అందుకే ఈ నేల మీద గొడవ కొత్త కాదు. 1988లో యుద్ధభూమిని ఆనుకుని పెద్ద మాల్ కట్టబోతే కాంగ్రెస్ చట్టం చేసి సుమారు 550 ఎకరాలు తీసుకుని పార్కులో కలిపింది. 1993లో డిస్నీ ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో హేమార్కెట్ దగ్గర అమెరికా చరిత్ర పార్కు కడతామని ప్రకటించి, చరిత్రకారులూ స్థానికులూ ఎదురుతిరిగితే 1994 సెప్టెంబరులో వెనక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు డిజిటల్ గేట్‌వే. పేజ్‌ల్యాండ్ లేన్ వెంట 2,100 ఎకరాల్లో డేటా సెంటర్లు. ఒక విషయం న్యాయంగా చెప్పాలి. అక్కడి భూముల యజమానులే చాలామంది కలిసి అడిగారు. వాళ్ళ పొలాల మీదుగా అప్పటికే హై టెన్షన్ లైన్లు వెళ్తున్నాయి, ఇంక పల్లె అని ఏం మిగిలింది అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళలో ఒకాయన మా ఇంటికి గుమ్మడికాయలు ఇచ్చేవాడు.

2022 నవంబరులో కౌంటీ కాంప్రిహెన్సివ్ ప్లాన్, అంటే ఏ భూమిని మున్ముందు దేనికి వాడాలో చెప్పే ప్లాన్, మార్చింది. మేం అప్పుడు పట్టించుకోలేదు, "ప్లానే కదా" అనుకున్నాం. అదే మా తప్పు. ప్లాన్ మారాక రీజోనింగ్ దాని వెనకే వచ్చింది. 2023లో ప్లానింగ్ కమిషన్ వద్దని సిఫారసు చేసింది. నవంబరులో ఎన్నికలు అయ్యాయి. కొత్త బోర్డు జనవరిలో కూర్చోవాలి. పాత బోర్డు డిసెంబరు 12న హియరింగ్ పెట్టింది. అది మర్నాటి దాకా, దాదాపు 27 గంటలు సాగింది. నేను రాత్రి రెండున్నరకు మాట్లాడాను. మా ముందు ఒక ముసలాయన కుర్చీలో నిద్రపోతే, ఆయన పేరు పిలిచినప్పుడు పక్కవాళ్ళు లేపారు. ఆయన లేచి తన మూడు నిమిషాలూ నిదానంగా మాట్లాడాడు. చివరికి 4-3 ఓట్లతో ఆమోదించారు, ఒకరు ఓటు వేయలేదు.

ఆ ఉదయం ఇంటికి వచ్చి అంతా అయిపోయిందనుకున్నాను. అవలేదు. దగ్గరి కాలనీవాళ్ళు, అమెరికన్ బాటిల్‌ఫీల్డ్ ట్రస్ట్ వేర్వేరుగా కోర్టుకి వెళ్ళారు. కాలనీవాళ్ళ కేసులో 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు జడ్జి ఆ రీజోనింగులు చెల్లవని తీర్పిచ్చారు. కారణం యుద్ధభూమి కాదు, హోరు కాదు, నీళ్ళు కాదు. హియరింగ్ గురించి పేపర్లో వేయాల్సిన ప్రకటన చట్టం చెప్పిన విధంగా పడలేదు, అదీ కారణం. ఆ తీర్పు మీద అప్పీలుకి వెళ్ళారు.

అందుకే లక్ష్మి గారూ, మీకొచ్చిన ఉత్తరం కవరుతో సహా దాచండి. పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది.

నాంపల్లి_తాతయ్య | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా లక్ష్మీ, మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఆరు నెలలుగా ఇక్కడే ఉన్నాను. రోజూ ఈ వేదిక చదువుతుంటాను. పేపర్లో ప్రకటన సరిగా పడక అంత పెద్ద పని ఆగిందంటే నాకు మన హైదరాబాద్ గుర్తొచ్చింది.

మన దగ్గర కూడా పాత భవనాలకు రక్షణ జోనింగ్ నియమాల్లోనే ఉండేది. 1981 నాటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ రెగ్యులేషన్లలో 13వ రెగ్యులేషన్. జాబితాలోని భవనాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా అనుమతి కావాలి. 2015 డిసెంబరులో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019 జూన్‌లో ఇర్రమ్ మంజిల్ కూల్చి అసెంబ్లీ కట్టాలని కేబినెట్ నిర్ణయించింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్ అది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అందులో ప్రభుత్వ ఆఫీసులు నడిచేవి. ఫైలు పట్టుకుని ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో.

కొందరు హైకోర్టుకి వెళ్ళారు. 2019 సెప్టెంబరు 16న కోర్టు కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చెప్పిన దారిలో వెళ్ళలేదన్నది అందులో ముఖ్యమైన మాట. భవనం ఇంకా నిలబడి ఉంది.

మన వాళ్ళలో చాలామంది ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తారు, జోనింగ్ మ్యాపు చూడరు. రెండూ చూడమని మా అబ్బాయికి చెప్పాను.

సర్వర్‌రూమ్_కిరణ్ | మంగళవారం, ఉదయం 8:10

తాతయ్య గారూ, ఇర్రమ్ మంజిల్ సంగతి నాకు తెలియదు, థాంక్యూ.

లక్ష్మి గారూ, నిన్న రాసినదాంట్లో కొంత కోపంగా ఉన్నాను, ఏమీ అనుకోకండి. డిజైన్ వైపు నుంచి ఒకటి చెప్తాను. జనరేటర్లు, చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు) ఏ వైపు పెడతారో కాన్సెప్ట్ ప్లాన్‌లో, అంటే ఏది ఎక్కడ కడతారో చూపే నక్షాలో, చూడండి. వాటిని ఇళ్ళ వైపు, సమాధుల వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పడం ఈ దశలో ఒక గీత మార్చడం. కట్టాక అసాధ్యం. ఇది అడగండి. దీనికి కాదనడానికి వాళ్ళకు కారణం దొరకదు.

నోవా_లక్ష్మి | గురువారం, రాత్రి 9:50

ప్రాఫర్ల కాపీ వచ్చింది. పదకొండు పేజీలు. సమాధుల గురించి ఒకే వాక్యం ఉంది: పేర్లు చెక్కిన నాలుగు రాళ్ళ చుట్టూ 25 అడుగులు వదిలి కంచె వేస్తారట. పొలం రాళ్ళ మాటే లేదు. వాళ్ళ మ్యాపులో అక్కడ సబ్‌స్టేషన్‌కి దారి గీశారు.

చదివి చాలాసేపు ఏడుపొచ్చింది. బతికినప్పుడు పేరు రాయలేదు, చచ్చాక లెక్కలోకే తీసుకోలేదు.

మా ఆయన కూడా చదివారు. ఏమీ అనలేదు. పొద్దున లేచి డాబా మీద నుంచి లెన్స్ పెట్టి ఫోటోలు తీస్తున్నారు.

మాట్లాడబోయేది ఇలా రాసుకున్నాను, చూడండి: "ఈ డేటా సెంటర్ మాకు వద్దు. మా ఇంటి విలువ పడిపోతుంది. ట్రాఫిక్ పెరుగుతుంది. సమాధులు కూడా ఉన్నాయి."

ప్లాన్_కాగితం | గురువారం, రాత్రి 11:20

తిరగేయండి. ఇంటి విలువ, ట్రాఫిక్ గురించి మీ ముందు ఇరవైమంది చెప్తారు. మీరు మాత్రమే చెప్పగలిగింది ఆ పద్దెనిమిది రాళ్ళు. అదే మొదటి వాక్యం కావాలి. "వద్దు" అంటే కమిషనర్లకు రాసుకోవడానికి ఏమీ ఉండదు. "ఓటు వేయకముందు పురావస్తు సర్వే చేయించి, సమాధులు ఎంత మేర ఉన్నాయో నేల చూసి తేల్చండి. 25 అడుగులు ఆ అంచు నుంచి కొలవండి. సబ్‌స్టేషన్ దారి మార్చండి. వారసులు వచ్చేందుకు నడక దారి ప్రాఫర్లలో రాయించండి" అని అడగండి. ఫోటోలు హియరింగ్‌కి ముందే ఈమెయిల్‌లో పంపండి, రికార్డులోకి వెళ్తాయి. రేపు ఎవరైనా కోర్టుకి వెళ్తే రికార్డులో ఉన్నదే పనికొస్తుంది.

ఆష్‌బర్న్_సునీత | శుక్రవారం, ఉదయం 9:00

అక్కా, బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు, రూట్ 7 కలిసే దగ్గర బానిసల సమాధుల స్థలం ఉంది కదా, పక్కనే రోజూ కారులో వెళ్తూ నేను ఎన్నేళ్ళో గమనించలేదు. నిన్న ఆగి చూశాను. అక్కడా పేర్లు లేని రాళ్ళే. దాన్ని ఇప్పుడు స్థానిక ఫౌండేషన్ ఒకటి చూసుకుంటోంది. వాళ్ళకు రాయి, వారసుల్ని వెతకడం వాళ్ళకు తెలిసి ఉంటుంది. నీ హియరింగ్‌కి నేనూ వస్తాను.

గ్రీన్‌కార్డ్_క్యూ | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మన గుడికి స్పెషల్ ఎక్సెప్షన్ కావాల్సి వచ్చినప్పుడు బస్సుల్లో జనాన్ని తీసుకెళ్ళారని మా కాలనీ పెద్దాయన చెప్పేవారు. అప్పుడు మన కోసం చర్చి వాళ్ళు కూడా వచ్చి మాట్లాడారట. నేనూ వస్తాను లక్ష్మి గారూ. మాట్లాడను, కూర్చుంటాను.

నోవా_లక్ష్మి | మూడు వారాల తర్వాత, గురువారం, ఉదయం 7:30

నిన్న రాత్రి హియరింగ్ అయింది. నా పేరు 31వది. చేతులు వణికాయి, కానీ చెప్పాల్సింది చెప్పాను. నేను "పద్దెనిమిది రాళ్ళు" అనగానే ఒక కమిషనర్ తల ఎత్తి ఫోటోలున్న పేజీ తిప్పారు. సునీత, గ్రీన్‌కార్డ్ క్యూ గారు ఇద్దరూ వచ్చారు. గ్రీన్‌కార్డ్ క్యూ గారు చివర్లో లేచి మాట్లాడారు కూడా.

కమిషన్ ఓటు వేయలేదు. పురావస్తు సర్వే వచ్చేదాకా రెండు నెలలు వాయిదా వేసింది. సబ్‌స్టేషన్ దారి మళ్ళీ గీసి తెమ్మంది. జనరేటర్లు రోడ్డు వైపు తిప్పడానికి దరఖాస్తుదారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. కిరణ్ గారికి ప్రత్యేకంగా థాంక్స్.

బయట పార్కింగ్‌లో ఒక పెద్దాయన ఆగి పలకరించారు. తొంభై మైళ్ళ నుంచి వచ్చారు. నాలుగు రాళ్ళ మీద ఉన్న ఇంటిపేరే ఆయనదీ. ఆ ఇంటిపేరు అప్పట్లో ఆ బానిసల యజమానిదనీ, తన పూర్వీకులు ఆ పేరుతోనే విడుదలై వెళ్ళారనీ చెప్పారు. ఆ చెట్ల కింద ఎవరున్నారో ఇంట్లో కొంతమంది పేర్లు నోటి మాటగా ఉన్నాయట. చిన్నప్పుడు ఒక్కసారి వాళ్ళమ్మ తీసుకొచ్చిందట, తర్వాత ఎటు నుంచి రావాలో తెలియలేదట. మా పెరటి నుంచి అయితే రెండు వందల అడుగులే.

ఆయన్ని మా పెరట్లోంచి అక్కడికి తీసుకెళ్ళాలంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) పర్మిషన్ ఏమైనా కావాలా?

ప్లాన్_కాగితం | గురువారం, ఉదయం 8:05

మీ పెరట్లోంచి మీ అతిథి నడవడానికి అక్కర్లేదు. ఫెన్స్ మారిస్తే హెచ్‌ఓఏ నియమాలు ఒకసారి చూడండి. పొలం యజమానికి మాత్రం ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి: ఎవరు వస్తున్నారు, ఏ రోజు, ఎంతసేపు. మర్యాదగా రాయండి.

నోవా_లక్ష్మి | శనివారం, సాయంత్రం 6:40

యజమాని జవాబిచ్చారు. రేపు పది గంటల తర్వాత రమ్మన్నారు. గేటు తానే తీసి ఉంచుతానన్నారు, కాబట్టి ఫెన్స్ ముట్టుకోవాల్సిన పని లేదు. పెద్దాయన ఇద్దరు మనవరాళ్ళతో వస్తున్నారు. నోటి మాటగా ఉన్న పేర్లు కాగితం మీద రాసుకుని వస్తున్నారట. మా ఆయన వాళ్ళకి మడత కుర్చీలు సర్దుతున్నారు.